కారణం చెప్పని అడ్డు

బైండింగు షాపు మేడ మీద గది నుంచి

పిన్నీ,

క్షేమ సమాచారాలు తరవాత. ముందు ఇది విను. ఒళ్ళు మండిపోతోంది. అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువుకో.

మన చట్టాలాట గుర్తుందా? వాన పడి బయటికి పోయే వీల్లేనప్పుడు నువ్వూ నేనూ మంచం మీద కూచుని ఆడేవాళ్ళం. వంతులవారీగా ఒక్కొక్కరు ఒక చట్టం ప్రతిపాదించాలి. ఒప్పుకుంటే నిలబడుతుంది. ఆట ఎలా ఆడాలన్న చట్టాన్ని కూడా ఆటలోనే మార్చుకోవచ్చు. "వయసులో పెద్దవాళ్ళదే ఆఖరి మాట" అని నువ్వొక చట్టం పెడితే వెర్రిమొహంలా ఒప్పుకుని, వానలు తగ్గేదాకా నీ కాళ్ళు పట్టాను.

ఆ ఆటని ఇక్కడ మా షాపులో పెట్టాను. శనివారం మధ్యాహ్నం మిషన్లు తుడిచాక జిగురు బల్ల చుట్టూ ఐదుగురం కూచుంటాం. నేను, మేస్త్రీ, కోత మిషన్ నడిపే కత్తన్న, ఆఫీసు గదిలో గుమాస్తా గారు, ఫారాలు, అంటే మడిచిన అచ్చు కాయితాలు, కుట్టే దారాలక్క. నెగ్గిన చట్టాన్ని గోదాము తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాస్తాం. మొదట్లో అన్నీ నవ్వులాటలే. ఈల వేసినవాళ్ళు కోత ముక్కలు ఊడ్వాలి. గుమాస్తా గారి గొడుగు కనబడితే దండం పెట్టాలి. రానురాను నిజం చట్టాలు వచ్చాయి. ఫ్యాను ఎటు తిప్పాలి, టీకి ముందు ఎవరు పోవాలి, కొత్త బల్ల ఎవరికి. యజమాని ఓ రోజు వచ్చి తలుపంతా చదివి, "పని ఆగనంతవరకు మీలో మీరు ఏం పెట్టుకున్నా నాకు సమ్మతమే. నాకూ తలనెప్పి తగ్గుతుంది" అన్నాడు. అర్థమైందా పిన్నీ? పనిచేసేవాళ్ళు తమ చట్టం తామే రాసుకోవడం! పుస్తకాల్లో చదివి కలలు కన్నది మా గోదాము తలుపు మీద కనబడుతోంది. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

కానీ మొదటి రోజే మేస్త్రీ ఒక మెలిక పెట్టించాడు. ఏ ఒక్కరు "అడ్డు" అన్నా ఆ ప్రతిపాదన చచ్చినట్టే. కారణం చెప్పనక్కర్లేదు. పెద్దపెద్ద దేశాలు వీటో అంటాయే, అచ్చం అదే. అప్పుడు నవ్వులాటే కదా అని నేనూ తల ఊపాను.

ఈ శనివారం నా అసలు ప్రతిపాదన తెచ్చాను. షాపులో పనులన్నీ అందరూ వంతులవారీగా చేయాలి, వారానికొకటి. కత్తన్న ఇన్నేళ్ళుగా ఆ మిషన్ ముందే నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. నేను జిగురు తప్ప ఎరగను. పనిని ముక్కలు చేస్తే మనిషి కూడా ముక్కలవుతాడు అని నేను చదివిన సన్న పుస్తకంలో ఉంది. కత్తన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేస్త్రీ కూడా "చూద్దాంలే" అన్నాడు. అంతలో దారాలక్క, కుడుతున్న ఫారంలోంచి తల ఎత్తకుండా,

"అడ్డు" అంది.

"ఎందుకక్కా?"

"అడ్డన్నానుగా."

"కారణం ఉండొద్దూ?"

"కారణం చెప్పాలని తలుపు మీద రాసుందా నాయనా? చదివి చెప్పు, వింటాను."

అందరూ నవ్వారు. నా మొహం మాడిపోయింది. ఒక్క నోరు నాలుగు నోళ్ళని మూయించింది, అదీ సూది ఆపకుండా!

ఆవిడ గర్వం నీకు తెలీదు. రోడ్డు మీద ఎదురై నేను నవ్వితే నవ్వదు, చూడనట్టు పోతుంది. షాపులో మాత్రం నేనింకా మెట్ల మీద ఉండగానే "వచ్చాడమ్మా నాయకుడు" అంటుంది. ఫారం నా మొహాన పెట్టి "నీ చదువేపాటిదో చూద్దాం, పేజీ నంబరు చదువు" అని పూటకి పదిసార్లు ఏడిపిస్తుంది. అలాంటి మనిషి చేతిలో వీటో!

నువ్వైనా న్యాయం చెప్పు.

మండుతూ,
నీ అక్క కొడుకు


బడి, ఆటల సామాన్ల గది నుంచి

చిరంజీవి అగ్గిపుల్లకి పిన్ని ఆశీస్సులు.

కవరు చల్లారాక తెరిచి చదివాను. అయినా వేళ్ళు చురుక్కుమన్నాయి.

కాళ్ళు పట్టిన సంగతి గుర్తుంది. ఆ చట్టం నువ్వు ఒప్పుకున్నాకే పట్టావు. నీకప్పుడు అడ్డు అనే హక్కుంటే నా కాళ్ళు నేనే పట్టుకునేదాన్ని. నువ్వెందుకు ఆ మాట మీద ఇంత ఎగిరిపడుతున్నావో నాకు తెలియడం లేదు.

మా ఆటస్థలం సంగతి చెప్తాను. పరుగు పందెం రోజున ఏ అమ్మాయైనా వచ్చి "ఇవాళ పరిగెత్తను టీచర్" అంటే నేను ఎందుకని అడగను. చెట్టు కింద కూచోమంటాను. ఈ ఏడాది కొత్తగా వచ్చిన పెద్దసారుకి ఇది సోమరితనంలా కనబడింది. పరిగెత్తనివాళ్ళు వరసలో నిలబడి కారణం పైకి చెప్పాలన్నాడు. మగ టీచర్లు నలుగురు, అవతల ప్రహరీ మీద పక్క బడి కుర్రాళ్ళు. ఏమయిందనుకున్నావు? ఒక్క పిల్లా కారణం చెప్పలేదు. పందెం రోజున బడికి రావడమే మానేశారు. సారు రికార్డులో మాత్రం "అందరూ పరిగెత్తారు" అని ఉంది. నిజమే, వచ్చినవాళ్ళందరూ పరిగెత్తారు.

కారణం లేకపోవడం వేరు, చెప్పలేకపోవడం వేరు. దారాలక్కది ఏదో నీకెలా తెలుసు?

ఊరికే అడుగుతున్నా, ఆవిడ కూచునే చోటు మొదట్నుంచీ అదేనా, మార్చుకుందా? సూదిలోకి దారం ఎలా ఎక్కిస్తుంది? ఇవి నాకు మటుకే. వెళ్ళి ఆవిణ్ణి అడక్కు.

చలి మొదలైంది. మఫ్లరు కట్టుకో. ఆవేశం చలి ఆపదు.

పిన్ని


మేడ మీద గది నుంచి

పిన్నీ,

నువ్వా? నువ్వా ఈ మాట రాసింది? ఉత్తరం రెండుసార్లు తిరగేసి, దస్తూరీ నీదేనా అని చూసుకున్నాను. నాకు ఓనమాలు దిద్దించిన మనిషి, ఇంట్లో మావయ్యలందరికీ ఎదురు నిలిచి ఉద్యోగానికి పోయిన మనిషి, వీటోని వెనకేసుకొస్తోంది!

నీ పిల్లలు పరిగెత్తకపోతే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ ఆవిడ అడ్డంటే కత్తన్న మోకాళ్ళు అరుగుతాయి. ఒకరి "వద్దు" ఇంకొకరి కాళ్ళ మీద పడుతుంటే దాన్ని హక్కు అనాలా? ఇది నువ్వు తేల్చి చెప్పు. చెట్టు కింద కూచోబెట్టి తప్పించుకోకు.

ఈ శనివారం మళ్ళీ పెట్టాను. మళ్ళీ అడ్డు. నేను బల్ల గుద్దాను, జిగురు గిన్నె దొర్లి మేస్త్రీ చెప్పుల మీద పడింది.

"ఏమోయ్, చట్టం రాస్తావా, చెప్పులు అతికిస్తావా?" అన్నాడు.

"మీ మెలిక వల్లే ఇదంతా! అయిదుగురిలో ముగ్గురు అవునంటే అవును అనాలి. లోకమంతా అంతే."

"రేపు యజమాని తన బావమరిదిని తెచ్చి ఈ బల్ల దగ్గర కూచోబెట్టాడనుకో. ఎల్లుండి ఇంకొకణ్ణి. అప్పుడు నీకు అడ్డు అక్కర్లేదూ?"

"అప్పుడు మనం ఎక్కువమందిని తెచ్చుకుంటాం!"

"ఎక్కణ్ణుంచి, నీ పుస్తకాల్లోంచా?"

గుమాస్తా గారు కిసుక్కున నవ్వారు. ఈయన ఎప్పుడూ నవ్వేవాళ్ళ వైపే ఉంటారు.

నీ ప్రశ్నలకి జవాబు. కుర్చీ కిటికీ పక్కకి మార్చుకుంది, వానాకాలం అయ్యాక. గాలికట. ఇక సూది సంగతి అసలు చూడాలి నువ్వు. దారం కొస నాలుకతో తడిపి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడిమి ఒక్క పోటులో ఎక్కిస్తుంది. గారడీలా ఉంటుంది, మేమందరం చప్పట్లు కొడతాం. ఇవన్నీ నీకెందుకో!

ఇప్పుడు నా ఎత్తు విను. అడ్డుని తీసెయ్యాలన్నా ఎవరూ అడ్డనకూడదు. అంటే ఆవిడే ఒప్పుకోవాలి. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడుతున్నాను. కత్తన్న నా వైపు. గుమాస్తా గారిని ఒప్పించాను. మేస్త్రీ "నలుగురూ సరేనంటే నేనొక్కణ్ణీ చెడ్డవాణ్ణి అవను" అన్నాడు. మిగిలింది ఆవిడే. వచ్చే శనివారం అందరి ముందు కారణం అడుగుతాను. ఎలా దాటేస్తుందో చూస్తాను.

నీ వాడు


బడి నుంచి

అబ్బాయీ,

వద్దు.

ఈ ఒక్కసారి నా మాట విని ఆగు. ఆవిణ్ణి నలుగురిలో కారణం అడక్కు. ఇంకొకరిచేత అడిగించకు. ఎందుకని నన్నూ అడక్కు.

కత్తన్న నిలబడే చోట ఎత్తుపాటి స్టూలు వేయించమని చట్టం చేయండి. దానికి ఎవరూ అడ్డనరు.

పిన్ని


మేడ మీద గది నుంచి

పిన్నీ,

గెలిచాం!

నీ చీటీ శనివారం పొద్దున అందింది. కారణం చెప్పని అడ్డు ఇక్కడ ఒకటుంటే చాలదని అక్కణ్ణుంచి ఇంకోటా? నవ్వొచ్చింది. జేబులో పెట్టుకుని కిందికి దిగాను.

నేను లేచి నిలబడి మాట్లాడాను. ముందే రాసుకున్నాను కానీ కాయితం చూడలేదు. "అడ్డు చెప్పేవాళ్ళకి స్వార్థమైనా ఉండాలి, భయమైనా ఉండాలి. మూడోది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, నా నోరు మూసుకుంటాను. చెప్పుకోలేని కారణం మంచి కారణం కాదు" అన్నాను. గుమాస్తా గారు "భేష్" అన్నారు. అందరూ దారాలక్క వైపు తిరిగారు. సూది ఆగింది. అది ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"అంతా నన్నే చూస్తున్నట్టున్నారు" అంది.

"నీ మాట కోసమే అక్కా."

కత్తన్న మోకాలు రుద్దుకుంటున్నాడు, ఆవిడ ఆ చప్పుడు వైపు తల తిప్పింది. చివరికి, "నేనొక్కదాన్నే మీ అందరికీ అడ్డమైతే తీసెయ్యండి" అంది.

"ఆలోచించుకోమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ఆలోచించుకునే అన్నాను."

గుమాస్తా గారు లేచి తడిగుడ్డతో తలుపు మీద అడ్డు చట్టం రాసిన వరస తుడిచేశారు. చెక్క నల్లగా మెరిసింది. వెంటనే నా వంతుల చట్టం పెట్టాను. చేతులెత్తాం. ఆవిడ చెయ్యి ఎత్తలేదు. మా వంక చూడనైనా చూడకుండా, "ఎంతమంది?" అంది.

"నలుగురం" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ గర్వం ఇంకా దిగలేదే అనిపించింది.

చీటీలు వేసుకున్నాం. నేను కుట్టు నేర్చుకుంటాను, మేస్త్రీ జిగురు (ఆయన మొహం చూడాలి!), కత్తన్న హాయిగా కూచుని ఫారాలు మడుస్తాడు, గుమాస్తా గారు అట్టలు. కోత మిషన్ మొదటి వారం దారాలక్కకి వచ్చింది. కాదనలేదు. బయటికి పోతూ గుమ్మం దగ్గర నా భుజం తట్టి, "గొంతు బావుందిరా నీది" అంది. అది మెచ్చుకోలో తిట్టో తేల్చుకోలేకపోయాను. ఏమైతేనేం. వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం నుంచి అమలు. యజమాని సరేనన్నాడు.

ఒప్పుకో పిన్నీ, ఈసారి నువ్వు ఓడిపోయావు.

గెలిచిన నీ వాడు


బడి నుంచి

అబ్బాయీ,

ఇది పూర్తిగా చదవకుండా కిందికి పరిగెత్తినా సరే. ఆవిణ్ణి ఆ మిషన్ దగ్గర నిలబడనీకు.

ఆవిడకి చూపు పోతోంది. నువ్వే రాశావు, నువ్వే చూడలేదు. రోడ్డు మీద నవ్వు కనబడక నవ్వలేదు. నీ అడుగు చప్పుడు బట్టి నిన్ను పోల్చుకుంది. పేజీ నంబరు చదవలేక నీచేత చదివించుకుంది. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి జరిగింది. ఎత్తిన చేతులు కనబడక ఎంతమంది అని అడిగింది.

ఇంతకంటే రాసే టైము లేదు, టపా వెళ్ళిపోతుంది. ఆపు.

పిన్ని


మేడ మీద గది నుంచి

పిన్నీ,

అందింది. మంగళవారం అందింది. సోమవారం మొదటి కోతకే అయిపోయింది.

నేను ఆవిడ కుర్చీలో, కిటికీ పక్కన కూచుని దారంతో కుస్తీ పడుతున్నాను. పిల్లల భూగోళం పుస్తకాలు, ఇంకా అంచులు కోయనివి. ఆవిడ ఒక దొంతర తీసుకుని బల్ల మీద తట్టి సరిచేసింది. ఎడమ చెయ్యి దొంతర మీద పెట్టింది, కుడిచేత్తో పిడి లాగింది. కత్తి దిగింది. ఎప్పుడూ వచ్చే చప్పుడే. అందుకే ఎవరం తల ఎత్తలేదు.

తరవాత ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తి మొహానికి దగ్గరగా, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. అప్పుడు లేచాను. చూపుడు వేలి గోరు చివర లేదు. కోత ముక్కల్లో తెల్లగా, సన్నటి వంపులా పడి ఉంది. చర్మం మీద గీతైనా లేదు పిన్నీ. గోరు, అంతే. ఇంకొక బియ్యపుగింజంత ఇటు జరిగి ఉంటే!

పుస్తకాలు వంకరగా తెగాయి, సముద్రాలు సగం పోయాయి. కత్తన్న వచ్చి మిషన్ ఆపేశాడు. మేస్త్రీ ఆవిడ కళ్ళ ముందు రెండు వేళ్ళు ఆడించాడు. ఆవిడ రెప్ప వెయ్యలేదు. "ఎన్ని?" అన్నాడు. "నీ గొంతు వినబడుతోంది కదా మేస్త్రీ, చాలు" అంది. ఇంక ఎవరికి ఏం చెప్పాలి?

మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. మెట్ల మీదే కూచుండిపోయాను.

నీకు తెలుసు! నేను రెండో ఉత్తరం రాసినప్పుడే తెలుసు! "వద్దు, ఎందుకని అడక్కు" అని రాసే బదులు ఆ ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆ నోరు విప్పేవాణ్ణా? ఇంతకాలం నన్ను పెంచింది ఇందుకా, చిన్నపిల్లాడిలా చీటీలతో ఆపడానికా? చదివినకొద్దీ నీ మీద కోపం, ఆ వెనకే నా మీద. అవి రెండూ వేరు చెయ్యలేకపోతున్నాను.

అసలు పిడుగు ఇంకా ఉంది. మేస్త్రీ ప్రతిపాదన పెట్టాడు. "చూపు సరిగా లేనివాళ్ళు షాపులో పనిచేయకూడదు." ఈ శనివారం కాదు, ఆ పై శనివారం ఓటు. యజమాని దగ్గరికి ఉరికాను. ఆయన కాయితాల్లోంచి తల ఎత్తి, "మీలో మీరు తేల్చుకోమన్నానుగా. ఎక్కువమంది ఏమంటే అది. నీ చట్టమే కదయ్యా" అన్నాడు. నవ్వుతూ, ప్రేమగా అన్నాడు పిన్నీ! గుమాస్తా గారిని పట్టుకుంటే, "చెప్పుకోలేని కారణం మంచి కారణం కాదని నువ్వేగా అంది. ఇన్నాళ్ళు దాచింది మరి" అన్నారు. నా వాక్యం. అక్షరం పొల్లుపోకుండా.

మేస్త్రీ, గుమాస్తా గారు పొమ్మంటారు. కత్తన్న ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. ఆవిడకి ఈ జీతం తప్ప ఏమీ లేదు, కూతురి నర్సు చదువు ఇంకా మిగిలి ఉంది.

అడ్డు అనడానికి ఎవరికీ హక్కు లేదు. నేనే తుడిపించాను.

ఏం చెయ్యను?


బడి నుంచి

నాయనా,

తిట్టు, పడతాను. ఇంకా నాలుగు మిగిలి ఉంటే అవీ తిట్టు.

నాకు తెలియలేదు, అనుమానించాను. నీ ఉత్తరాల్లోంచి ఊహించిన సంగతి అది. నిజమే అయితే ఆవిడ కష్టపడి దాచుకున్నది. నీతో చెప్తే నువ్వు జాలితో కరిగిపోయి, మర్నాడే బల్ల ఎక్కి ఆవిడ కళ్ళ గురించి ఉపన్యాసం ఇస్తావని భయపడ్డాను. అబద్ధమా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. అందుకని ఒక్క "వద్దు" రాసి ఊరుకున్నాను. ఇంత దూరం నుంచి నా "వద్దు" నీకు ఆనుతుందనుకున్నాను.

కోత మిషన్ చీటీ ఆవిడకే పడుతుందని అనుకోలేదు. అనుకోవాల్సింది. ఆ గోరు సంగతి చదివాక పిల్లలచేత కసరత్తు చేయిస్తూ అంకెలు తప్పాను. దాచింది మంచిదో చెడ్డదో నేనింకా తేల్చుకోలేదు. నువ్వు నా కోసం తేల్చకు.

మోకాళ్ళ గురించి నువ్వడిగిన ప్రశ్న ఉందే, ఒకరి వద్దు ఇంకొకరి కాళ్ళ మీద పడితే ఏమిటని. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే స్టూలు గురించి రాశాను.

ఇప్పుడు నువ్వు ఉపన్యాసం రాసుకుంటూ ఉంటావు. చించెయ్. ఆవిడ దగ్గరికి వెళ్ళు. ఏం కావాలో అడుగు. అడిగి, చెప్పేదాకా కూచో. మధ్యలో మాట్లాడకు, నీకు అదే కష్టం.

పిన్ని


మేడ మీద గది నుంచి

పిన్నీ,

ఉపన్యాసం నిజంగానే రాసుకున్నాను. చించేశాను.

శుక్రవారం సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. రెండు గదులు. సామానంతా గోడల వారన, మధ్యలో నేల ఖాళీ. నేను ఒక కుర్చీ లాక్కుని కూచుంటే, "లేచేటప్పుడు అది ఉన్నచోటే పెట్టు, లేకపోతే రేపు తగిలి పడతా" అంది. నేను కూచున్నాను. ఏం కావాలక్కా అన్నాను. ఆవిడ కూతురి చొక్కాకి గుండీలు కుడుతూ పోయింది. నేను మధ్యలో మాట్లాడలేదు.

"కుట్టడానికి నాకు కళ్ళు అక్కర్లేదురా" అంది చివరికి. "ఆ మిషనుకే కావాలి. ఆ ముక్క చెప్తే దీనికీ పనికిరానంటారని చెప్పలేదు. ఇప్పుడు అంటున్నారుగా."

"నేను రేపు మాట్లాడతా..."

"నువ్వు మాట్లాడకు. నా గురించి నువ్వు చాలా మాట్లాడావు."

కుర్చీ ఉన్నచోటే పెట్టి వచ్చేశాను.

శనివారం. బల్ల చుట్టూ కూచున్నాం. మేస్త్రీ తన ప్రతిపాదన చదివాడు. మాట్లాడనని అనుకున్నవాణ్ణి, నా వల్ల కాలేదు, లేచి "అడ్డు!" అని అరిచాను.

గుమాస్తా గారు తలుపు వైపు వేలు చూపించారు. "ఆ మాట అక్కడ లేదు బాబూ. తుడిపించింది నువ్వే."

"వాడి అడ్డు నాకొద్దు" అంది దారాలక్క. "కూచోరా. ఓటే వెయ్యండి. కానీ చేతులెత్తితే నాకు కనబడవు, ఎవరో ఒకరు లెక్క చెప్తే నేను నమ్మాలి. ఈసారి నమ్మను. ఒక్కొక్కళ్ళు వచ్చి నా చేతిలో చెయ్యి పెట్టి చెప్పండి. ఉండమనో, పొమ్మనో."

అరచెయ్యి పైకి తిప్పి బల్ల మీద పెట్టింది. గోరు తెగిన వేలు అందరికీ కనబడుతోంది.

మేస్త్రీయే ముందు లేచాడు. ఆవిడ చేతిలో చెయ్యి పెట్టి, "వెళ్ళాలమ్మా" అన్నాడు. "నీ మీద కోపం కాదు. ఆ సోమవారం నుంచి నాకు కత్తి చప్పుడే వినబడుతోంది. నా కళ్ళ ముందు నీ చెయ్యి పోతే నేను బతకలేను."

"సరే మేస్త్రీ. విన్నాను" అంది. కోపంగా కూడా అనలేదు.

గుమాస్తా గారు రెండు వేళ్ళ కొసలు ఆనించారు. "మొత్తం చెయ్యి పెట్టండి గుమాస్తా గారూ" అంది. ఆ మనిషి మారిపోతాడనుకున్నాను పిన్నీ, ఒట్టు, అలాంటి చేతిలో చెయ్యి పెట్టాక ఎవరు పొమ్మనగలరు అనుకున్నాను. మొత్తం చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని, "వెళ్ళాలి" అన్నారు. వచ్చి కూచుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను బిత్తరపోయి చూస్తున్నాను.

కత్తన్న కుంటుతూ వెళ్ళాడు. ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "అక్కా, ఆ మిషన్ నాది. ఇంక దాని దగ్గరికి రాకు. నేను చూసుకుంటా. నువ్వు ఉండు" అన్నాడు. వంతుల చట్టం వల్ల వచ్చిన కుర్చీ వదిలేసుకుంటున్నాడని అప్పటికి గానీ నాకు తట్టలేదు. ఎవరి మోకాళ్ళ పేరు చెప్పి ఇదంతా చేశానో ఆ మోకాళ్ళు మళ్ళీ మిషన్ ముందుకి నడిచాయి.

ఆవిడ తన రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని, "నాది, ఉండాలని" అంది. మళ్ళీ అరచెయ్యి తెరిచింది.

ఇద్దరు పొమ్మన్నారు, ఇద్దరు ఉండమన్నారు. మిగిలింది నేను.

బల్ల అంచు పట్టుకుని వెళ్ళాను. చేతిలో చెయ్యి పెట్టాను. గరుకుగా, వెచ్చగా ఉంది. దారం ఒరిపిడికి చూపుడు వేలి పక్కన గాడిలా పడిపోయింది. అది ఇన్నాళ్ళు నేను చూడలేదు. చెప్పాలనుకున్నవన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. క్షమించమని, నాకు తెలియదని, నువ్వు లేని ఈ బల్ల నాకెందుకని.

"చెప్పు మరి. మాటలకి లోటా నీకు?"

"ఉండు" అన్నాను. అంతే వచ్చింది.

కత్తన్న స్టూలు జరుపుకున్న చప్పుడు. మేస్త్రీ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. అది ఓడిపోయిన మొహమో ఊపిరి పీల్చుకున్న మొహమో నాకు తెలియలేదు. అడ్డుని మళ్ళీ తేవాలా వద్దా అని కత్తన్న ఏదో మొదలుపెట్టాడు, గుమాస్తా గారు అప్పుడే వాదనకి దిగారు. వచ్చే శనివారం అది తేలుస్తారట. ఎటువైపు నిలబడాలో నాకు నిజంగా తెలియదు పిన్నీ. నాకు ఏదో ఒకటి తెలియకపోవడం ఇదే మొదలు.

ఆవిడ నా చెయ్యి ఇంకా వదల్లేదు. ఒకసారి అటూ ఇటూ తిప్పింది, బొటనవేలితో నా వేళ్ళు తడిమి చూసింది.

"చల్లగా అయిపోయావేంరా" అంది. "పో, జిగురు కలుపు. సోమవారానికి అట్టలు అతకాలి."

జిగురు కలిపాను.

నీ వాడు